గిరణ్‌గావ్ నుంచి భివండి దాకా: మిల్లు మూతపడితే వలస కార్మికుడి పని ఎక్కడికి పోయింది?



ఆర్థిక సంస్కరణలు, ఉపాధి మీద ప్రశ్న రాగానే మనలో చాలామంది కలం నుంచి దానంతటదే వచ్చే వాక్యం ఒకటుంది: "పునర్నిర్మాణం వల్ల ఉపాధి సంఘటిత రంగం నుంచి అసంఘటిత రంగానికి మళ్లింది." వాక్యం తప్పేమీ కాదు. కానీ దాన్ని ఒక్కసారి ఆగి చదవండి. మళ్లింది అంటున్నాం. ఎవరు మళ్లించారు? మళ్లినవాళ్లు ఎవరు? ఏ చట్టం వాళ్లను ఆపింది, ఏ చట్టం దారి ఇచ్చింది? ఈ మూడు ప్రశ్నలకు ఆ వాక్యంలో జవాబు లేదు. పేపర్ దిద్దేవారికి అలాంటి వాక్యం రోజుకు కొన్ని వందల సార్లు కనిపిస్తుంది. మీ జవాబు వేరుగా కనిపించాలంటే చేతిలో కనీసం ఒక కేసు పూర్తిగా ఉండాలి.

అందుకే ఈ వ్యాసంలో ఒకే కేసు తీసుకుంటున్నాను: బొంబాయి బట్టల మిల్లులు. జీఎస్-1లో ఆధునిక చరిత్ర, పట్టణీకరణ, ప్రపంచీకరణ ప్రభావం. జీఎస్-3లో సరళీకరణ, పారిశ్రామిక విధానంలో మార్పులు. గ్రూప్-1 మెయిన్స్‌లో ఎకానమీ, ఎస్సే పేపర్లు. ఇన్నింటికీ ఈ ఒక్క కేసు పనికొస్తుంది. పైగా ఇందులో మన తెలుగు నేతకార్మికులు కూడా ఉన్నారు.

ముందు పదాన్ని విడదీద్దాం

ఆర్థిక పునర్నిర్మాణం అనగానే మనకు 1991 గుర్తొస్తుంది. కానీ అది ఒకే రోజు జరిగే సంఘటన కాదు. ఒక పరిశ్రమ తన పద్ధతిని మార్చుకోవడానికి మూడు దారులున్నాయి. ఒకటి, తక్కువ మందితో ఎక్కువ ఉత్పత్తి తీయడం. రెండు, ఉత్పత్తిని వేరే చోటికి, వేరే తరహా యూనిట్లకు తరలించడం. మూడు, అసలు ఉత్పత్తినే వదిలేసి ఆస్తిని, ముఖ్యంగా భూమిని, ఇంకో లాభానికి వాడుకోవడం. బొంబాయి మిల్లుల్లో ఈ మూడూ వరసగా జరిగాయి: 1928 చుట్టూ మొదటిది, 1982-85లో రెండోది, 1991-2006 మధ్య మూడోది. ఈ వరస గుర్తుంటే చాలు, తేదీలు వాటంతటవే గుర్తుంటాయి.

మిల్లుల ఊరు ఎలా పుట్టింది?

1854లో కావస్జీ నానాభాయ్ దావర్ బొంబాయి స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీని స్థాపించాడు. 1856లో తాడ్‌దేవ్‌లో ఉత్పత్తి మొదలైంది. కంపెనీ స్థాపనకు ముందు ఏడాదే, అంటే 1853 ఏప్రిల్ 16న, బొంబాయి-ఠాణే మధ్య తొలి ప్రయాణికుల రైలు నడిచింది. 1861-65 అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి ధర పెరిగి బొంబాయి వ్యాపారుల చేతికి పెట్టుబడి వచ్చింది. రైలు, పత్తి, పెట్టుబడి కలిశాయి. కావాల్సింది మనుషులు.

ఆ మనుషులు ఎక్కువగా కొంకణ్ తీరంలోని రత్నగిరి నుంచి, దక్కన్ వైపు సతారా, కొల్హాపూర్ నుంచి, తర్వాత ఉత్తర భారతం నుంచి వచ్చారు. పరేల్, లాల్‌బాగ్, వర్లీ, ప్రభాదేవి చుట్టూ వాళ్లు స్థిరపడిన ప్రాంతానికే గిరణ్‌గావ్ అని పేరు. మరాఠీలో గిరణి అంటే మిల్లు. నగరం మధ్యలో ఉన్నా పేరు మాత్రం ఊరే. ఆ పేరులో నిజం కూడా ఉంది. మగవాళ్లు చాలామంది ఒంటరిగా వచ్చి, చాల్ గదుల్లో పది మంది కలిసి ఉండి, ఖానావళుల్లో నెలకింత అని కట్టి తిని, డబ్బు ఊరికి పంపేవారు. భార్యాపిల్లలు, కమతం ఊళ్లోనే.

ఇక్కడ మనకు పనికొచ్చే పాయింట్ ఒకటుంది. మిల్లు ఇచ్చే జీతం కార్మికుడి కుటుంబం మొత్తాన్ని పోషించాల్సిన అవసరం లేకపోయింది. పిల్లల పెంపకం, జబ్బు, ముసలితనం ఖర్చు ఊరు భరించింది. తక్కువ జీతానికి మనిషి దొరకడం వెనకున్న లెక్క ఇదే. 1931లో నివేదిక ఇచ్చిన రాయల్ కమిషన్ ఆన్ లేబర్ కూడా కార్మికుడికి ఊరితో ఉన్న బంధాన్ని తెంచకూడదని, అది ఒక ఆధారమని భావించింది. ఆధారమే. కానీ ఎవరికి ఎక్కువ ఆధారం అన్నది ముందుకు పోయే కొద్దీ తెలుస్తుంది.

జాబర్, బదిలీ

మిల్లులో చేరాలంటే మేనేజర్‌ను కాదు, జాబర్‌ను పట్టుకోవాలి. ముకద్దం అన్నా అతడే. పనిలో పెట్టేది, పని చూసేది, అప్పు ఇప్పించేది, గది చూపించేది అతనే. తన కులం వాళ్లు, తన ఊరి వాళ్లు అతని ద్వారా వస్తారు. రాజ్‌నారాయణ్ చందావర్కర్ బొంబాయి కార్మికుల మీద చేసిన పరిశోధనలో ఈ వ్యవస్థను వివరంగా చూపించాడు. ఊరు, కులం, పేట సంబంధాలు నగరానికి వచ్చాక చెరిగిపోలేదు. పని దొరికే దారులుగా మారాయి.

రెండోది బదిలీ. శాశ్వత కార్మికుడు రాని రోజు అతని స్థానంలో పని చేసేవాడు బదిలీ కార్మికుడు. రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడాలి. పిలిస్తే పని, లేకపోతే తిరిగి గదికి. 1935లో బొంబాయి మిల్లు యజమానులు బదిలీ నియంత్రణ పద్ధతి పెట్టి నిర్ణీత సంఖ్యలో కార్డులు ఇచ్చారు. ఇలా ఏళ్లకేళ్లు బదిలీగానే గడిపినవాళ్లున్నారు. మిల్లుకు ఇది ఎంతో సౌకర్యం. గిరాకీ తగ్గితే ఎవరినీ తీసేయనక్కర్లేదు, పిలవకపోతే చాలు. ఈ రోజు మనం గిగ్ వర్క్ అని కొత్తగా చదువుతున్న దానికి బొంబాయి మిల్లు గేటు దగ్గర పాత రూపం ఉంది.

మొదటి విడత: 1928

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ నూలు, బట్ట పోటీతో బొంబాయి మిల్లులు దెబ్బతిన్నాయి. యజమానులు రేషనలైజేషన్ మొదలుపెట్టారు. అంతవరకు రెండు మగ్గాలు చూసే నేతగాడు మూడు మగ్గాలు చూడాలి. నూలు విభాగంలో ఒక మనిషి చూసే యంత్రాల సంఖ్య కూడా పెరగాలి. కాగితం మీద ఇది సామర్థ్యం. గేటు దగ్గర మాత్రం ముగ్గురిలో ఒకరికి పని లేదని అర్థం.

1928 ఏప్రిల్‌లో మొదలైన సమ్మె అక్టోబర్ దాకా, దాదాపు ఆరు నెలలు సాగింది. సుమారు లక్షన్నర మంది పాల్గొన్నారు. గిర్నీ కామ్‌గార్ యూనియన్ బలంగా ఎదిగింది ఈ సమ్మెలోనే. ఆరు నెలలు జీతం లేకుండా ఎలా నిలబడ్డారు? చాలామంది ఊళ్లకు వెళ్లిపోయారు. సమ్మె నిధి కంటే పెద్ద నిధి ఊళ్లోని ధాన్యమే. అంటే ఊరు యజమానికి చౌక శ్రమను ఎలా ఇచ్చిందో, కార్మికుడికి పోరాడే ఓపికను కూడా అలాగే ఇచ్చింది. ఈ రెండు వైపులూ రాస్తేనే జవాబు సమతూకంగా ఉంటుంది.

దాని తర్వాత జరిగినవి మీకు ప్రిలిమ్స్‌కు తెలిసినవే: ఫాసెట్ కమిటీ, 1929 ట్రేడ్ డిస్ప్యూట్స్ చట్టం, అదే ఏడాది మార్చిలో మీరట్ కుట్ర కేసు అరెస్టులు. వీటిని విడివిడి బిట్లుగా చదవకండి. మిల్లుల్లో పని పద్ధతి మారడం, దానికి కార్మికుల ప్రతిఘటన, దానికి ప్రభుత్వ ప్రతిస్పందన అనే ఒకే దారంలో గుచ్చుకోండి.

ఇంకో సంగతి. 1920లలో బొంబాయి మిల్లు కార్మికుల్లో దాదాపు ఐదో వంతు మహిళలు. ఎక్కువగా నూలు చుట్టే విభాగాల్లో పని చేసేవారు. రేషనలైజేషన్ తాకిడి ఆ విభాగాలకు గట్టిగా తగిలింది. తర్వాతి దశాబ్దాల్లో మిల్లుల్లో వాళ్ల వాటా తగ్గుతూ వచ్చింది. మిల్లు వదిలినవాళ్లలో కొందరు ఖానావళులు నడిపారు, కొందరు ఇంటి పట్టున దొరికే పనులకు మళ్లారు. 1975లో ప్రేమా పురవ్ ఖానావళి మహిళలను కూడగట్టి అన్నపూర్ణా మహిళా మండల్ స్థాపించారు. సంఘటిత రంగం నుంచి అసంఘటిత రంగానికి అన్న ప్రయాణం 1991లో మొదలు కాలేదు. అందరికంటే ముందు ఆ దారిన నడిచింది మహిళలు.

మనవాళ్లు అక్కడికి ఎలా వెళ్లారు?

బొంబాయిలో కామాఠీపుర అనే పేటకు ఆ పేరు కామాఠీల వల్ల వచ్చింది. హైదరాబాద్ సంస్థానం వైపు నుంచి వచ్చి కట్టడాల పని చేసిన తెలుగు కూలీలు వాళ్లు. వాళ్ల తర్వాత కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి పద్మశాలీలు వచ్చారు. మిల్లు బట్ట పోటీతో చేనేత మగ్గానికి పని తగ్గితే, నేత తెలిసిన చేతులు అదే మిల్లుల నేత విభాగాల్లో చేరాయి. చేనేతను దెబ్బతీసిన మిల్లే నేతగాడికి అన్నం పెట్టింది. షోలాపూర్, భివండి, సూరత్, అహ్మదాబాద్ కూడా ఇదే దారిలోని మజిలీలు.

మాది సిరిసిల్ల వైపు. మా ఊళ్లో ఇప్పటికీ 'బొంబై ఇల్లు' అని పిలిచే పాత ఇళ్లు రెండు మూడు ఉన్నాయి. మిల్లు జీతంతో కట్టినవి. నాకు తాత వరసయ్యే ఒకాయన పరేల్ దిక్కు ఒక మిల్లులో పదేళ్లకు పైగా పని చేశారు, అందులో సగం బదిలీగానే. ఆయనను ఒకసారి మిల్లు ఎప్పుడు మూతపడిందని అడిగాను, నోట్స్‌లో తేదీ రాసుకుందామని. ఆయన అన్న మాట ఇది: "మిల్లు బందయిందని ఎవ్వలు చెప్పలే బిడ్డా. గేటు మాత్రం తెరువలే."

ఈ రెండు వాక్యాలను గుర్తుపెట్టుకోండి. రెండో విడత మొత్తానికి ఇదే సారాంశం, అది చట్టంలో కూడా కనిపిస్తుంది.

రెండో విడత: 1982-85

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సమ్మె మొదలైంది. దాదాపు 60 మిల్లులు, రెండున్నర లక్షల మంది. జీతాల పెంపు, బోనస్, బదిలీ కార్మికులను శాశ్వతం చేయడం ముఖ్యమైన డిమాండ్లు. ఇంకొకటి, బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం, 1946 రద్దు. ఆ చట్టం ప్రకారం ఒక పరిశ్రమలో గుర్తింపు పొందిన ఒకే సంఘానికి బేరమాడే హక్కు. ఆ హక్కు రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘ్‌ది. కార్మికులు ఎవరి వెనక నడుస్తున్నా, సంతకం చేసే హక్కు మాత్రం ఆ సంఘానిదే.

సమ్మె ఏడాదిన్నర సాగి నీరుగారింది. దాన్ని అధికారికంగా ఎవరూ విరమించలేదు. పదుల వేల మందికి మిల్లు గేటు మళ్లీ తెరుచుకోలేదు. 1983లో కేంద్ర ప్రభుత్వం బొంబాయిలోని 13 మిల్లుల యాజమాన్యాన్ని తన చేతిలోకి తీసుకుంది.

"సమ్మె వల్ల మిల్లులు మూతపడ్డాయి" అని చాలా పుస్తకాల్లో ఉంటుంది. సగం నిజం. సమ్మెకు ముందే మిల్లుల నుంచి నేత పని పవర్‌లూమ్‌లకు జారిపోతోంది. 1956 నుంచి మిల్లుల్లో కొత్త మగ్గాల మీద ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. ఉద్దేశం చేనేత రక్షణ. కానీ ఆ ఖాళీని నింపింది చేనేత కాదు, చిన్న షెడ్లలో నాలుగైదు మరమగ్గాలు పెట్టుకున్న పవర్‌లూమ్. ఫ్యాక్టరీల చట్టం 1948 విద్యుత్తు వాడే యూనిట్‌కు పది మంది కార్మికుల పరిమితి పెట్టింది. పది లోపు ఉంటే ఆ చట్టం వర్తించదు. ఒకే షెడ్డును కాగితాల మీద నాలుగు యూనిట్లుగా చూపితే చాలు. సమ్మె కాలంలో కొందరు మిల్లు యజమానులు తమ బట్టను పవర్‌లూమ్‌లలోనే నేయించుకుని తమ ముద్ర వేసి అమ్ముకున్నారు. ఉత్పత్తి ఆగనప్పుడు సమ్మెకు బలం ఎక్కడిది?

1985 జవుళి విధానం ఈ మార్పును అధికారికం చేసింది. మిల్లు, పవర్‌లూమ్, చేనేత అని వేరుగా చూడకుండా సామర్థ్యం మీద పోటీ పడనివ్వాలన్నది దాని సారం. బతకలేని మిల్లులను మూసుకోనివ్వవచ్చని కూడా చెప్పింది. కార్మికుల కోసం జవుళి కార్మికుల పునరావాస నిధి పథకం వచ్చింది: మొదటి ఏడాది జీతంలో 75 శాతం, రెండో ఏడాది 50, మూడో ఏడాది 25.

ఇప్పుడు తాత అన్న మాటకు వద్దాం. ఈ నిధి అందాలంటే మిల్లు శాశ్వతంగా మూతపడినట్లు అధికారిక ముద్ర ఉండాలి. మరోపక్క పారిశ్రామిక వివాదాల చట్టంలోని సెక్షన్ 25-ఓ ప్రకారం పెద్ద పరిశ్రమను మూయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. 1976లో 300 మంది పరిమితితో వచ్చిన ఈ నిబంధనను 1982 సవరణ 100కు తగ్గించింది. కార్మికుడి రక్షణ కోసం పెట్టిన గోడ ఇది. యజమానులు చాలామంది గోడ దూకలేదు, పక్క నుంచి నడిచి వెళ్లారు. మూసివేతకు అనుమతి అడగకుండా విభాగాలను ఒక్కొక్కటిగా ఆపేశారు, కరెంటు బిల్లు కట్టలేదు, స్వచ్ఛంద విరమణ కాగితాల మీద సంతకాలు తీసుకున్నారు. చట్టం దృష్టిలో మిల్లు బతికే ఉంది. కాబట్టి కార్మికుడు నిరుద్యోగి కాడు. నిరుద్యోగి కాడు కాబట్టి నిధి రాదు. శాశ్వత ఉద్యోగికి కనీసం పీఎఫ్, గ్రాట్యుటీ కాగితాలుంటాయి. బదిలీ కార్మికుడి చేతిలో ఉన్నది ఒక కార్డు.

మూడో విడత: భూమి

1991లో కేంద్రంలో కొత్త ఆర్థిక విధానం వచ్చిన ఏడాదే బొంబాయిలో ఇంకో నిబంధన వచ్చింది. అభివృద్ధి నియంత్రణ నిబంధనల్లోని 58వ నిబంధన. మిల్లు భూమిని అభివృద్ధి చేసుకునేందుకు అది అనుమతి ఇచ్చింది. షరతు ఏమిటంటే స్థూలంగా మూడు వాటాలు: ఒకటి నగరపాలక సంస్థకు బహిరంగ స్థలాల కోసం, ఒకటి గృహనిర్మాణ సంస్థ మ్హాడాకు, మూడోది యజమానికి. వచ్చిన డబ్బుతో మిల్లును ఆధునికీకరించాలి, కార్మికుల బకాయిలు తీర్చాలి అన్నది ఆశయం. మొత్తం మిల్లు భూములు దాదాపు 600 ఎకరాలు, నగరం నడిబొడ్డున. ఈ భూమిని కలిపి ప్రణాళిక వేయడానికి 1996లో వాస్తుశిల్పి చార్లెస్ కొరియా నాయకత్వంలో కమిటీ వేశారు. దాని సూచనలు అమలు కాలేదు.

2001లో నిబంధనను సవరించారు. మొత్తం భూమిలో కాకుండా, ఖాళీగా ఉన్న స్థలంలో మాత్రమే వాటా ఇస్తే చాలన్నారు. కట్టడాలున్న భూమి లెక్కలోంచి పోయింది. నగరానికి, పేదల ఇళ్లకు రావాల్సిన స్థలం బాగా తగ్గింది. 2005లో బొంబాయి హైకోర్టు దీన్ని తప్పుపట్టింది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగరాసి సవరణను సమర్థించింది. 2005లోనే నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ తన మిల్లు భూములు వేలం వేసింది. ముంబై టెక్స్‌టైల్ మిల్లు స్థలం ఒక్కదానికే దాదాపు 700 కోట్ల రూపాయలు వచ్చాయి. ఫీనిక్స్ మిల్లు షాపింగ్ మాల్ అయింది.

మాజీ కార్మికులు, వాళ్ల వారసులు ఇళ్ల కోసం ఏళ్లకేళ్లు పోరాడాక మ్హాడా 2012లో లాటరీ తీసింది. దరఖాస్తులు లక్షకు పైగా, ఇళ్లు కొన్ని వేలు.

ఇక్కడొక పోలిక మనకు దగ్గరది. వరంగల్‌లో నిజాం పాలనలో 1934లో మొదలైన ఆజంజాహీ మిల్లు కూడా 2000ల ఆరంభంలో మూతపడింది. ఆ స్థలం కూడా ప్లాట్ల బాట పట్టింది. మిల్లు భూమి విలువ మిల్లు విలువను దాటిపోవడం బొంబాయికే పరిమితమైన కథ కాదు.

పని ఎక్కడికి పోయింది?

దేశంలో బట్ట ఉత్పత్తి తగ్గలేదు, పెరిగింది. కాబట్టి పని మాయం కాలేదు, చిరునామా మారింది. భివండి, మాలేగావ్, ఇచల్‌కరంజి, సూరత్, ఇటు సిరిసిల్ల. మారింది పని స్వభావం. మిల్లులో ఎనిమిది గంటల షిఫ్ట్; పవర్‌లూమ్‌లో పన్నెండు. అక్కడ నెల జీతం, కరువు భత్యం. ఇక్కడ మీటరుకు ఇంత. అక్కడ ఈఎస్ఐ, పీఎఫ్. ఇక్కడ చాలాచోట్ల హాజరు పట్టీ కూడా ఉండదు. సూరత్ మగ్గాల మీద ఒడిశాలోని గంజాం నుంచి వచ్చినవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. భివండిలో తెలుగువాళ్ల పేటకు పద్మానగర్ అని పేరు.

సిరిసిల్లలో సేటు, ఆసామి, కార్మికుడు అని మెట్లుంటాయి. సేటు నూలు ఇస్తాడు, ఆసామి తన మగ్గాల మీద కూలికి నేయిస్తాడు, కార్మికుడు మీటరు లెక్కన తీసుకుంటాడు. గిరాకీ పడిపోతే ఆ దెబ్బ మెట్టు మెట్టుగా కిందికి దిగి చివరి మెట్టు మీద ఆగుతుంది. 1990ల చివర, 2000లలో సిరిసిల్ల నేతకార్మికుల ఆత్మహత్యలు పత్రికల్లో మీరు చదివే ఉంటారు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు కొంత ఊపిరి పోశాయి. అదే ఏడాది అక్టోబర్‌లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేస్తూ, సూరత్, భివండి వెళ్లినవాళ్లు తిరిగి రావాలన్నది లక్ష్యమని ప్రభుత్వం చెప్పింది. అయితే ఒకే కొనుగోలుదారు మీద, అదీ ప్రభుత్వం మీద ఆధారపడిన ఉపాధి ఎంతకాలం నిలుస్తుందన్నది మీరు జవాబులో ఎత్తి చూపదగ్గ ప్రశ్న.

ఊరే షాక్ అబ్జార్బర్

నేను బీటెక్‌లో మెకానికల్ చదివాను కాబట్టి ఈ పోలిక. గుంత వచ్చినప్పుడు బండిలో కూర్చున్నవాడికి కుదుపు తెలియదు. ఎందుకంటే ఆ కుదుపును కింద ఉన్న షాక్ అబ్జార్బర్ తీసుకుంటుంది. మన పరిశ్రమల చరిత్రలో ఆ పని వలస కార్మికుడి ఊరు చేసింది. కానీ ఏ షాక్ అబ్జార్బర్ అయినా అరుగుతుంది. కమతాలు ముక్కలై, బోర్లు ఎండి, ఊళ్లో అప్పు పెరిగాక ఆ కుదుపు నేరుగా మనిషికే తగులుతుంది.

రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూడండి. 1896లో బొంబాయికి ప్లేగు వచ్చినప్పుడు లక్షల మంది నగరం వదిలి వెళ్లారు. మనుషులు దొరక్క మిల్లులు పోటీ పడ్డాయి. ఏ రోజు కూలీ ఆ రోజే చెల్లించమని కార్మికులు అడిగితే ఒప్పుకోవాల్సి వచ్చింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు కూడా లక్షల మంది నడిచి వెళ్లారు. మే 1న తొలి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు బయల్దేరింది. ఆ రోజుల్లోనే కొన్ని రాష్ట్రాలు పని గంటలు పెంచడానికి, కార్మిక చట్టాలకు మినహాయింపు ఇవ్వడానికి చర్యలు మొదలుపెట్టాయి. ఓవర్‌టైమ్ చెల్లింపు విషయంలో గుజరాత్ ఇచ్చిన ఉత్తర్వును అక్టోబర్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. వెళ్లిపోగలగడం 1896లో కార్మికుడి బలం. 2020 నాటికి వెళ్లిపోవడం మాత్రమే మిగిలింది, బలం మిగల్లేదు. కారణం సూటిగానే ఉంది: 2020లో వెళ్లినవాడు ఫలానా యూనిట్‌లో కార్మికుడని చెప్పే కాగితం చాలామంది దగ్గర లేదు.

రెండో వైపు కూడా రాయండి

మిల్లులన్నీ అలాగే నడవాల్సిందని నా వాదన కాదు. యంత్రాలు పాతబడ్డాయి, సింథటిక్ బట్టకు గిరాకీ పెరిగింది, నగరం నడిబొడ్డున బట్ట నేయడం ఖర్చుతో కూడిన పని. 25-ఓ లాంటి నిబంధనలు మూసివేతను ఆపలేక, దాన్ని దొంగచాటు వ్యవహారంగా మార్చాయన్న విమర్శలోనూ బలముంది. మారక తప్పని పరిశ్రమ మారుతుంది. ఆ మార్పు ఖర్చు ఎవరి ఖాతాలో రాస్తారన్నదే అసలు ప్రశ్న. బొంబాయిలో భూమి లాభం ఒక ఖాతాలో పడింది, ఉద్యోగ నష్టం ఇంకో ఖాతాలో పడింది. రెండింటినీ కలిపే వంతెనగా 58వ నిబంధనలోని మూడు వాటాల ఆలోచన పనికొచ్చేది. 2001లో ఆ వంతెన సన్నబడింది.

వర్తమానంతో ముడిపెట్టాలంటే కార్మిక కోడ్‌లు ఉన్నాయి. పారిశ్రామిక సంబంధాల కోడ్ 2020 మూసివేత అనుమతి పరిమితిని మళ్లీ 300కు తెచ్చింది. వృత్తి భద్రత కోడ్ ఫ్యాక్టరీ నిర్వచనాన్ని విద్యుత్తు వాడే యూనిట్‌కు పది నుంచి ఇరవై మందికి పెంచింది. అదే కోడ్ 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టాన్ని తనలో కలుపుకుంటూ, కాంట్రాక్టర్ ద్వారా కాక సొంతంగా వచ్చినవాళ్లను కూడా వలస కార్మికుల నిర్వచనంలోకి తెచ్చింది. ఇది మంచి మార్పు. అయితే ఆ నిబంధనలు పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది వలస కార్మికులున్న చోటే వర్తిస్తాయి. నాలుగు మగ్గాల షెడ్డు మళ్లీ బయటే. నాలుగు కోడ్‌లూ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చినట్లు కేంద్రం ప్రకటించింది. 2021 ఆగస్టులో వచ్చిన ఈ-శ్రమ్ పోర్టల్ కార్మికుడికి ఒక కాగితం ఇచ్చింది. ఆ కాగితానికి హక్కు జతకావడం ఇంకా మిగిలిన పని.

జవాబులో ఎలా వాడాలి?

250 పదాల్లో ఇదంతా పట్టదు. పరిచయంలో మూడు రకాల పునర్నిర్మాణం ఒక్క వాక్యంలో చెప్పండి. మధ్యలో 1928, 1985, 2001 అనే మూడు సంవత్సరాలు, ఒక్కోదానికి ఒక యంత్రాంగం: మగ్గాల సంఖ్య, పది మంది పరిమితి, భూమి వాటా. మహిళలు, బదిలీలు అందరికంటే ముందు పోయారన్న పాయింట్ తప్పక రాయండి. సామాజిక కోణం అదే. ముగింపులో రక్షణ యూనిట్ సైజును బట్టి కాకుండా మనిషిని బట్టి ఉండాలని, పీఎఫ్, ఈఎస్ఐ, రేషన్ కార్మికుడితో పాటు ప్రయాణించాలని సూచించండి. రేషన్ విషయంలో ఒకే దేశం ఒకే రేషన్ కార్డు అది సాధ్యమేనని చూపించింది.

ఈ వారం రాసి చూడాల్సిన ప్రశ్నలు:

1. "భారతదేశంలో పారిశ్రామిక పునర్నిర్మాణం ఉపాధిని తొలగించడం కంటే దాని రక్షణలను తొలగించింది." బొంబాయి జవుళి పరిశ్రమ ఆధారంగా చర్చించండి. (15 మార్కులు)

2. వలస కార్మికుడికి గ్రామంతో ఉన్న సంబంధం అతని బేరసారాల శక్తిని పెంచిందా, తగ్గించిందా? 1896, 1928, 2020 ఉదాహరణలతో విశ్లేషించండి. (10 మార్కులు)

రెండో ప్రశ్నకు ఒకే వైపు జవాబు లేదు. రెండు వైపులా రాసి, ఎటు మొగ్గుతారో చివరి రెండు వాక్యాల్లో స్పష్టంగా చెప్పండి. అలా మొగ్గే ముందు మీ ఊళ్లో భివండి నుంచో, సూరత్ నుంచో, గల్ఫ్ నుంచో తిరిగొచ్చిన ఒక పెద్దమనిషితో అరగంట మాట్లాడండి. ఏ స్టడీ మెటీరియల్‌లోనూ దొరకని ఒక వాక్యం మీ నోట్స్‌లోకి వస్తుంది.